టైటిల్ బార్ ఎక్కడికి పోయింది? జీటీకే ప్రోగ్రాముల్లో పాత పద్ధతి తిరిగి తెచ్చుకోవడం ఎలా

చెన్నై చూలైమేడులో మా మామయ్యకి చిన్న జెరాక్స్ షాపు ఉంది. ఒక ప్రింటరు, ఒక స్కానరు, 1366×768 మానిటరున్న పాత డబ్బా, అంతే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆ డబ్బా పదకొండుకి పనికిరాదు, ఆయన రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి కొత్త మదర్‌బోర్డు రేటు అడిగి ఏమీ కొనకుండానే తిరిగొచ్చేశారు, దాంతో నేనే ఒక ఆదివారం కూర్చుని విండోస్ బదులు లినక్స్ మింట్ వేసిచ్చాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో. మూడో రోజు ఫోను. "ఏమ్రా, విండోని పట్టుకుని పక్కకి లాగుదామంటే స్కానర్ తిరగడం మొదలుపెడుతోంది, ఇదేం పద్ధతిరా?"

వెళ్ళి చూస్తే ఆయన తప్పేం లేదు. స్కానింగ్ ప్రోగ్రాములో టైటిల్ బార్ ఉండాల్సిన చోట బటన్లు ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా విండో నెత్తి మీద ఎక్కడ పట్టుకున్నా జరిగేది, ఇప్పుడు అక్కడే స్కాన్ బటన్ కూర్చుంది. ఆధార్ కాపీ కోసం ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి ఉంది, గాజు మీద ఇంకా ఏమీ పెట్టలేదు, లైటు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్తోంది.

దీన్ని హెడర్ బార్ అంటారు. జీటీకే అనేది ప్రోగ్రాములకి విండోలూ బటన్లూ గీసిపెట్టే టూల్‌కిట్, అందులో 3.10 వెర్షన్‌తో, అంటే 2013లో వచ్చింది. 2015లో 3.16తో స్క్రోల్ బార్లు కూడా దాక్కోవడం మొదలుపెట్టాయి. ఇవి నచ్చినవాళ్ళకి నచ్చుతాయి, నాకు పేచీ లేదు. నచ్చనివాళ్ళు పాత పద్ధతిని ఎంతవరకు వెనక్కి తెచ్చుకోవచ్చో, ఏది ముట్టుకోకపోతే మంచిదో ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఆదేశాలూ ఫైళ్ళ పేర్లూ నేను మామయ్యకి ఫోన్లో చెప్పినట్టే, పలికే తీరులో రాస్తాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. చిన్న గీత ఉంటే హైఫన్, కింద గీత అంటే అండర్‌స్కోర్, పెద్దక్షరాలు కావాల్సిన చోట అవి పెద్దక్షరాలని చెప్తాను.

ముందు చిట్టా రాసుకోండి

"పాతలా లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. సరిగ్గా ఏం చేయబోతే ఏమవుతోందో కాగితం మీద రాయండి. మామయ్యవి నాలుగు తేలాయి. స్క్రోల్ బార్ మౌస్ దగ్గరికి తీసుకెళ్తే గానీ కనిపించదు. దాని పైనో కిందో ఖాళీలో నొక్కితే పేజీ పేజీగా కాకుండా ఎక్కడికో దూకుతుంది. ఫైలు తెరిచే పెట్టెలో పేరు మొదటి అక్షరాలు కొడితే ఆ ఫైలు దగ్గరికి వెళ్ళకుండా ఫోల్డర్లన్నీ వెతకడం మొదలుపెడుతుంది. నాలుగోది స్కానర్ గొడవ. వీటిలో మొదటి రెండిటికి మాడ్యూళ్ళు, అంటే బయటి నుంచి తగిలించే ముక్కలు, అక్కర్లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఒట్టి సెట్టింగులే. మూడోదానికి సెట్టింగులు మార్చే ఒక ఎడిటర్, ఒక కీబోర్డు చిట్కా చాలు. చాలామంది నేరుగా నాలుగోదానికి వెళ్ళి, కనిపించిన ప్యాకేజీలన్నీ దించుకుని, తర్వాత ఏది దేన్ని పాడు చేసిందో తెలియక తల పట్టుకుంటారు.

ఏ జీటీకేనో చూసుకోండి

ఇది తప్పనిసరి, ఎందుకంటే మూడో వెర్షన్‌కి చేసింది నాలుగోదానికి అంటదు. టెర్మినల్, అంటే ఆదేశాలు కొట్టే విండో, తెరిచి "ఎల్‌డీడీ" అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ప్రోగ్రామ్ పూర్తి దారి ఇవ్వండి, స్కానింగ్‌దైతే "/యూఎస్ఆర్/బిన్/సింపుల్-స్కాన్". పొడుగు జాబితా వస్తుంది, అందులో "లిబ్‌జీటీకే-3" కనిపిస్తే మూడోది, "లిబ్‌జీటీకే-4" కనిపిస్తే నాలుగోది. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాములకి ఈ చిట్కా పనిచేయదు, అవి స్క్రిప్టులు కాబట్టి.

జీటీకే పుట్టింది గింప్ అనే బొమ్మల ప్రోగ్రామ్ కోసం. రెండో వెర్షన్ 2002లో, మూడోది 2011 ఫిబ్రవరిలో, నాలుగోది 2020 డిసెంబర్‌లో వచ్చాయి. ఆ గింపేమో మూడో జీటీకేకి మారింది 2025 మార్చిలో, గింప్ 3.0తో. ఇంటివాళ్ళకే పద్నాలుగేళ్ళు పట్టింది, మా మామయ్య మూడు రోజుల్లో అలవాటు పడలేదని ఎలా అంటాం!

ఇంకోటి, మీ సెషన్ ఎక్స్11దా వేలాండ్‌దా అన్నది. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే రెండు పద్ధతులివి, ఎక్స్11 పాతది, వేలాండ్ కొత్తది. "ఎకో" కొట్టి ఖాళీ ఇచ్చి, డాలర్ గుర్తు తగిలించి, పెద్దక్షరాల్లో "ఎక్స్‌డీజీ_సెషన్_టైప్" అని కొడితే చెప్తుంది. టైటిల్ బార్ తెప్పించే పని ఎక్స్11 మీదే సరిగ్గా కుదురుతుంది. గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ ఉంది, దాని వేలాండ్ సెషన్‌లో విండో మేనేజర్ తన వైపు నుంచి టైటిల్ బార్ గీయదు, అందుకని అక్కడ హెడర్ బార్ పీకేస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

సెట్టింగ్స్ ఫైలు

హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్ హెచ్ నొక్కండి, దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే "కాన్ఫిగ్" లోపల "జీటీకే-3.0", దాని లోపల "సెట్టింగ్స్.ఐఎన్ఐ". ఉంటే ముందు దాని కాపీ ఒకటి పక్కన పెట్టండి, లేకపోతే ఖాళీది సృష్టించండి. మొదటి వరసలో చదరపు బ్రాకెట్ల మధ్య "సెట్టింగ్స్" అని ఉండాలి, మొదటి అక్షరం పెద్దది. ఈ వరస మరిచిపోతే కింద ఎన్ని రాసినా గోడకి చెప్పినట్టే.

దాని కింద ఒక వరస: "జీటీకే-ఓవర్‌లే-స్క్రోలింగ్=ఫాల్స్". దీంతో స్క్రోల్ బార్ దాక్కోకుండా ఎప్పుడూ తన చోట ఉంటుంది. ఈ సెట్టింగ్ 3.24.9 నుంచి ఉంది. అంతకంటే పాతదైతే ఇదే పనికి పెద్దక్షరాల్లో "జీటీకే_ఓవర్‌లే_స్క్రోలింగ్=0" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు చూసుకునే విలువ, వాడాలి.

ఇంకో వరస: "జీటీకే-ప్రైమరీ-బటన్-వార్ప్స్-స్లైడర్=ఫాల్స్". ఖాళీలో నొక్కితే దూకడం ఆగి, నొక్కినప్పుడల్లా ఒక్కో పేజీ జరుగుతుంది. నలభై పేజీల పీడీఎఫ్‌లో ఒక సంతకం పేజీ వెతికేవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. మామయ్య దీన్ని చూసి "ఆఁ, ఇదీ" అన్నారు, మిగతావాటికి అంత సంతోషం రాలేదు. సినమన్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళు ఫైలు ముట్టుకోనక్కర్లేదు, ఈ రెండూ థీమ్స్ సెట్టింగుల్లోనే ఉంటాయి.

ఫైలు సేవ్ చేసి, ఆ ప్రోగ్రాముని మూసి మళ్ళీ తెరవండి. మారలేదా? అయితే ఇది గుర్తుంచుకోండి: ఎక్స్11 మీద డెస్క్‌టాప్ తరఫున ఒక సెట్టింగ్స్ సర్వీసు నడుస్తుంటుంది, అది పంపే విలువలు ఈ ఫైల్లో రాసినదాన్ని తొక్కేస్తాయి. థీమ్ పేరు, ఫాంటు, టైటిల్ బటన్ల వరస లాంటివి ఇక్కడ ఎంత రాసినా మారకపోవడానికి కారణం అదే, వాటిని డెస్క్‌టాప్ సెట్టింగుల్లోనే మార్చాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.16తో వాళ్ళ సెట్టింగ్స్ డైలాగులకి కూడా హెడర్ బార్లు తగిలాయి, జనం గోల పెట్టారు, 4.18లో అపియరెన్స్ సెట్టింగుల్లో దానికో టిక్కు పెట్టారు. డైలాగుల హెడర్ బార్ అక్కడ తీసేయండి, చాలు.

ఫైలు తెరిచే పెట్టె

డీకాన్ఫ్ ఎడిటర్ వేసుకోండి, మామూలు సెట్టింగుల్లో కనిపించనివి మార్చే ప్రోగ్రామ్ అది. అందులో ఆర్గ్, జీటీకే, సెట్టింగ్స్, ఫైల్-చూజర్ అని వరసగా లోపలికి వెళ్ళండి. "స్టార్టప్-మోడ్" దగ్గర "రీసెంట్" ఉంటే "సీడబ్ల్యూడీ"కి మార్చండి, అప్పుడు పెట్టె తెరవగానే ఈమధ్య వాడిన ఫైళ్ళ జాబితా కాకుండా అసలు ఫోల్డర్ కనిపిస్తుంది. "లొకేషన్-మోడ్"ని "ఫైల్‌నేమ్-ఎంట్రీ" చేస్తే పేరు కొట్టుకునే గడి పైన కనిపిస్తుంది. "సార్ట్-డైరెక్టరీస్-ఫస్ట్" ఆన్ చేస్తే ఫోల్డర్లన్నీ ముందు, ఫైళ్ళు తర్వాత.

పేరు కొడితే వెతుకులాట మొదలవడం మాత్రం ఈ సెట్టింగులతో పూర్తిగా పోదు. దానికో దొడ్డిదారి ఉంది: కంట్రోల్ ఎల్ నొక్కినా, ముందుగా ఒక స్లాష్ కొట్టినా వెతుకులాట బదులు దారి రాసే గడి వస్తుంది, అందులో అక్షరాలు కొడుతుంటే పేర్లు అందిస్తుంది. మానిటర్ అంచున చిన్న స్టిక్కర్ మీద "కంట్రోల్ ఎల్" అని రాసి అంటించాను. అది ఊడిపోయే లోపే వేళ్ళకి అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు మాడ్యూల్స్

జీటీకే 3కి ఒక వెసులుబాటు ఉంది, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు బయటి మాడ్యూళ్ళని లోపలికి లాక్కుంటుంది. ఏవి లాక్కోవాలో పెద్దక్షరాల్లో "జీటీకే_మాడ్యూల్స్" అనే వేరియబుల్ చెప్తుంది, ఒకటికి మించి ఉంటే మధ్యలో కోలన్. టెర్మినల్‌లో "ఫెయిల్డ్ టు లోడ్ మాడ్యూల్" అని హెచ్చరిక కనిపిస్తే టెన్షన్ పడకండి, జాబితాలో పేరుంది, ఫైలు లేదు అని అర్థం, ప్రోగ్రామ్ మామూలుగానే నడుస్తుంది.

ఇక్కడే నేనో వెధవ పని చేశాను. దాని పక్కనే "జీటీకే_ఐఎం_మాడ్యూల్" అని ఇంకో వేరియబుల్ ఉంటుంది. పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి గానీ పనులు వేరు, రెండోది కీబోర్డు భాషలకి. శుభ్రం చేస్తున్నాననుకుని ఆ వరస కూడా చెరిపేసి, రీస్టార్ట్ చేసి, కాఫీ తాగి ఇంటికొచ్చేశాను. సాయంత్రం గృహప్రవేశం పత్రిక టైపు చేద్దామని కూర్చుంటే తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్ గుర్తు తెలుగులోనే ఉంది, అక్షరాలు మాత్రం ఇంగ్లీషులో పడుతున్నాయి. పార్టీ ఎదురుగా కూర్చున్నాడట. దానికి నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను. ఐఎం అన్న రెండక్షరాలు కనిపిస్తే చేయి తీసేయండి, అంతే.

మాడ్యూళ్ళలో సాధారణంగా పనికొచ్చేవి రెండు. కాన్‌బెరా మాడ్యూల్ వేస్తే బటన్ల చప్పుళ్ళు, హెచ్చరిక గంటలు తిరిగొస్తాయి. "లిబ్‌కాన్‌బెరా-జీటీకే3-మాడ్యూల్" ప్యాకేజీ వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అపియరెన్స్‌లో ఈవెంట్ సౌండ్స్ టిక్కు పెట్టి, లాగౌట్ అయి రావాలి. పాత జీటీకే 2 ప్రోగ్రాములకి అంకె లేని వేరే ప్యాకేజీ ఉంది, ఒకదాని మాడ్యూల్ ఇంకోదానికి పనికిరాదు. షాపులో ఈ చప్పుడు అరగంట ఉంది, తర్వాత తీయించేశారు.

రెండోది "యాప్‌మెనూ-జీటీకే3-మాడ్యూల్". ఫైల్, ఎడిట్, వ్యూ మెనూలని విండోలోంచి తీసి స్క్రీన్ పైన ప్యానెల్‌లో పెడుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈకైతే దీనితో పాటు ప్యానెల్‌కి యాప్‌మెనూ ప్లగిన్ కావాలి, మాటే డెస్క్‌టాప్‌కి వేరే యాప్లెట్ ఉంది. 768 ఎత్తున్న స్క్రీన్ మీద ఒక వరస మిగులుతుంది, అది నిజమే, కానీ విండోస్ నుంచి వచ్చినవాళ్ళకి మెనూ విండో లోపల లేకపోతే ఇంకో ఫోన్ కాల్ వస్తుంది. పాత మ్యాక్ అలవాటున్నవాళ్ళకీ, చిన్న నెట్‌బుక్ వాడేవాళ్ళకీ మాత్రమే నేను చెప్తాను.

టైటిల్ బార్ తిరిగి తెప్పించడం

దీనికి వాడేది "జీటీకే3-నోసీఎస్‌డీ". ఇది పైన చెప్పిన తరహా మాడ్యూల్ కూడా కాదు, అంతకంటే ముందే జొరబడుతుంది. "ఎల్‌డీ_ప్రీలోడ్" అనే వేరియబుల్ ద్వారా జీటీకే కంటే ముందు మెమరీలోకి ఎక్కి, "నా టైటిల్ బార్ నేనే గీసుకుంటాను" అని ప్రోగ్రామ్ అడిగే ఫంక్షన్లని మధ్యలో పట్టుకుంటుంది. మీరు వేసుకున్న లినక్స్ రిపోజిటరీలో, అంటే దాని సొంత ప్యాకేజీల భండారంలో, ఉందో లేదో ముందు సినాప్టిక్ అనే ప్యాకేజీల ప్రోగ్రాములో వెతకండి. లేకపోతే ఎవరో ఎక్కడో పెట్టిన రెడీమేడ్ ఫైలు దించుకోకండి, ప్రతి ప్రోగ్రాములోకీ ఎక్కి కూర్చునే వస్తువు అది.

సినాప్టిక్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి. "జీటీకే3-నోసీఎస్‌డీ" అన్నది వేస్తే లాగిన్ స్క్రిప్టు కూడా వస్తుంది, తర్వాతి లాగిన్ నుంచి అన్ని ప్రోగ్రాములకీ వర్తిస్తుంది. నేను వేసేది రెండోది, "లిబ్‌జీటీకే3-నోసీఎస్‌డీ0", అది ఒట్టి లైబ్రరీ. కావాల్సిన ఒక్క ప్రోగ్రాముకే తగిలించుకోవచ్చు. అన్నిటికీ తగిలిస్తే ఏమవుతుందంటే, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే విడి పెట్టెల్లో వచ్చే ప్రోగ్రాములు తమ పెట్టెలోంచి బయటి లైబ్రరీని చూడలేవు, అందుకని తెరిచిన ప్రతిసారీ టెర్మినల్‌లో "కెనాట్ బీ ప్రీలోడెడ్... ఇగ్నోర్డ్" అని ఒక వరస కక్కుతుంటాయి. ప్రమాదం లేదు గానీ, రేపు నిజంగా ఏదైనా పాడైనప్పుడు ఆ వరసల మధ్య అసలు తప్పు కనిపించదు.

ముందు టెర్మినల్‌లో పరీక్షించండి. ఒకే వరసలో, పెద్దక్షరాల్లో "జీటీకే_సీఎస్‌డీ=0", ఖాళీ, పెద్దక్షరాల్లో "ఎల్‌డీ_ప్రీలోడ్=", దాని వెంటనే ఖాళీ లేకుండా చిన్నక్షరాల్లో "లిబ్‌జీటీకే3-నోసీఎస్‌డీ.ఎస్ఓ.0", ఖాళీ, ప్రోగ్రామ్ పేరు. ఎంటర్ కొట్టగానే విండోకి మామూలు టైటిల్ బార్ వచ్చి, హెడర్ బార్ దాని కింద టూల్‌బార్‌లా కూర్చుంటే పని అయినట్టే. ఎత్తులో ఒక వరస పోతుంది, అది ఒప్పుకోవాలి.

బాగుందనుకుంటే శాశ్వతం చేయండి. "/యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్"లో ఆ ప్రోగ్రామ్ డెస్క్‌టాప్ ఫైలు, అంటే మెనూలోంచి దాన్ని ఎలా తెరవాలో చెప్పే ఫైలు, ఉంటుంది, దాన్ని అక్కడే మార్చొద్దు, అప్‌డేట్ రాగానే పోతుంది. హోమ్‌లో చుక్క "లోకల్", "షేర్", "అప్లికేషన్స్" లోకి కాపీ చేసి, అక్కడ "ఎగ్జెక్" వరసలో సమానం గుర్తు తర్వాత "ఎన్వ్" అని, ఖాళీ ఇచ్చి, పైన పరీక్షించిన ఆ రెండు వేరియబుళ్ళూ చేర్చండి. అదే ఫైల్లో "డీబస్‌యాక్టివేటబుల్=ట్రూ" ఉంటే ఫాల్స్ చేయండి, లేకపోతే మెనూలోంచి తెరిచినప్పుడు మీరు మార్చిన వరసని అసలు చదవదు. దీని దగ్గర నాకు ఒక పూట పోయింది, టెర్మినల్‌లో పనిచేసేది మెనూలో పనిచేయదు, కారణం ఈ ఒక్క వరసే.

స్కానింగ్ ప్రోగ్రాముకి ఇది చేశాక మామయ్య విండో నెత్తి పట్టుకుని అటూ ఇటూ రెండుసార్లు లాగారు. స్కానర్ కదల్లేదు.

ఫైర్‌ఫాక్స్‌కి ఇవేమీ అక్కర్లేదు, కస్టమైజ్ టూల్‌బార్ పేజీ అడుగున టైటిల్ బార్ టిక్కు ఉంది. క్రోమియంలో ట్యాబుల పక్క ఖాళీలో రైట్ క్లిక్ చేస్తే సిస్టమ్ టైటిల్ బార్ వాడమని చెప్పొచ్చు.

మొత్తం జీటీకేనే మార్చడం గురించి

జీటీకే3-క్లాసిక్ అని ఒక ప్యాచుల కట్ట ఉంది. జీటీకే 3 లైబ్రరీనే పాత అలవాట్లతో మళ్ళీ కట్టుకోవడం. ఫైలు పెట్టెలో పేరు కొడితే వెతకకుండా ఆ ఫైలు దగ్గరికే వెళ్ళడం దీనితోనే బాగా కుదురుతుంది. ఆర్చ్ లినక్స్ వాడేవాళ్ళు, కంపైల్ చేయడం సరదాగా అనిపించేవాళ్ళు ప్రయత్నించండి. జీటీకేకి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇదీ మళ్ళీ కట్టాలి, డెస్క్‌టాప్ మొత్తం ఆ ఒక్క లైబ్రరీ మీదే నిలబడి ఉంటుంది. షాపు కంప్యూటర్‌కి ఇది వేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

జీటీకే 4 ప్రోగ్రాములైతే

అక్కడ "జీటీకే_మాడ్యూల్స్" పద్ధతినే తీసేశారు, జీటీకే3-నోసీఎస్‌డీ వాటిని ముట్టుకోలేదు. ఫైలు పెట్టె సెట్టింగులు మాత్రం డీకాన్ఫ్‌లో "జీటీకే4" కింద విడిగా ఉన్నాయి, అవి మార్చుకోవచ్చు. మిగతాదానికి ప్రోగ్రాముని మార్చేయడమే సుఖం. మింట్ వాళ్ళు 2016లో 18వ వెర్షన్‌తో మెనూ, టూల్‌బార్ ఉన్న ఎక్స్‌రీడర్, ఎక్స్‌వ్యూయర్, ఎక్స్‌ఎడ్ లాంటివి తెచ్చారు. 2024లో మింట్ 22కి సింపుల్ స్కాన్, కాల్క్యులేటర్ లాంటి కొన్నిటిని జీటీకే 3 వెర్షన్లకే వెనక్కి తీసుకెళ్ళారు. మామయ్యకి పీడీఎఫ్‌లకి ఎక్స్‌రీడర్ పెట్టాను, దాని గురించి ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు.

వెనక్కి వెళ్ళాలంటే

ఏది తేడా కొట్టినా చివర చేసింది ముందు విప్పండి. హోమ్‌లోని "అప్లికేషన్స్" ఫోల్డర్‌లో మీరు కాపీ చేసిన డెస్క్‌టాప్ ఫైలు తీసేస్తే ఆ ప్రోగ్రామ్ అసలుదానికి వచ్చేస్తుంది. "సెట్టింగ్స్.ఐఎన్ఐ" స్థానంలో పక్కన పెట్టిన కాపీ పెట్టండి. డీకాన్ఫ్‌లో ప్రతి కీ దగ్గర డిఫాల్ట్‌కి తిప్పే మీట ఉంటుంది. ఒకవేళ అన్నిటికీ వర్తించే ప్యాకేజీయే వేసి, లాగిన్ కాగానే డెస్క్‌టాప్ రాకుండా పోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి, నల్ల తెర మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి, "సుడో ఆప్ట్ రిమూవ్" తర్వాత ఆ రెండు ప్యాకేజీల పేర్లూ ఇచ్చి, రీబూట్ చేయండి. లాగిన్ పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా పడవు, కీబోర్డు పాడైందనుకుని గట్టిగా బాదకండి.